మూడు నెలలు ఇండియా వెళ్ళొస్తానన్న పేషెంటు

అమెరికాలో గుండెజబ్బుల క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే మందుల్నీ వైద్యాల్నీ మనుషుల మీద పరీక్షించే అధ్యయనాల్లో, పేషెంట్ల విజిట్లూ రికార్డులూ చూసుకునే కోఆర్డినేటర్లుగా మనవాళ్ళు చాలామందే కనిపిస్తారు. బీఫార్మసీ చేసి ఇక్కడికొచ్చి ఎంఎస్ చదివినవాళ్ళు కొందరు, ఎంబీబీఎస్ అయి రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) సీటు కోసం కాచుకున్నవాళ్ళు కొందరు. పేరు డాక్టరుగారిది, చాకిరీ కోఆర్డినేటర్‌ది. తెలుగు పేషెంటు ట్రయల్‌లో ఉంటే ఆ చాకిరీలో ఒక చిక్కు తప్పదు: "సంక్రాంతికి వెళ్ళి మార్చిలో వస్తానమ్మా" అంటారు.

అది ఎంత చిక్కో స్ప్రింట్ ట్రయల్ లెక్క చూస్తే తెలుస్తుంది. బీపీ పై అంకెను 140 లోపు కాకుండా 120 లోపుకి తెస్తే మేలేనా అని చూసిన ట్రయల్ అది. 9,361 మంది చేరారు. 2015లో ఫలితాలు వచ్చినప్పుడు గుండెపోటు, పక్షవాతం వంటి ప్రధాన ఘటనలు 120 గుంపులో 243, 140 గుంపులో 319. తేడా 76. అంత పెద్ద ట్రయల్‌లోనూ తీర్పు తేలింది ఆ కొద్దిపాటి ఘటనల తేడా మీదే. హైదరాబాదులో వచ్చిన గుండెపోటు ఇక్కడి రికార్డుకి ఎక్కకపోతే నష్టం చిన్నదేం కాదు.

అందుకే టికెట్ కొనకముందే మాట్లాడాలి. విజిట్ ఎన్ని రోజులు ముందుకి, వెనక్కి జరపొచ్చో ప్రోటోకాల్‌లో, అంటే ట్రయల్ నియమాల పత్రంలో ఉంటుంది. అది చాలకపోతే స్పాన్సర్‌ని, అంటే ట్రయల్ నడిపించే సంస్థని ముందే అడగాలి; తిరిగొచ్చాక వివరణ రాసి ఊరుకుంటే కుదరదు. మాత్రలు అసలు సీసాలోనే, చేతిసంచీలో వెళ్ళాలి. వారాల డబ్బాలోకి సర్దేసి సీసా పారేస్తే లెక్క గల్లంతే. వంద మాత్రలిచ్చి 84 రోజులకు 30 తిరిగొస్తే, రోజుకొకటి చొప్పున 83 శాతం వాడినట్టు. సీసా లేకపోతే ఆ అంకె ఎక్కడిది? కొలెస్ట్రాల్ తగ్గించే ఇవోలోక్యుమాబ్ లాంటి ఇంజెక్షన్ అయితే 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. బయట పెడితే 25 డిగ్రీలు దాటకూడదు, అదీ 30 రోజులే. మార్చి నాటి విజయవాడ ఎండకి ఆ లెక్క కుదరదు.

అసలు గండం అక్కడ ఆసుపత్రిలో చేరినప్పుడు. ఒక్క రాత్రి అడ్మిట్ అయినా మామూలుగా సీరియస్ అడ్వర్స్ ఈవెంటే, అంటే తీవ్రమైన అనారోగ్య ఘటన కిందే లెక్క. మీకు తెలిసిన క్షణం నుంచి సాధారణంగా 24 గంటల్లో స్పాన్సర్‌కి తెలపాలి. కాగితాల కోసం ఆగకుండా తెలిసినంత పంపేసి, మిగతాది తర్వాత చేర్చాలి. కుటుంబసభ్యులకు డిశ్చార్జి రోజే ఫోన్ చేయాలి. బిల్లు కట్టే హడావుడిలో ఫైలు జిరాక్స్ ఇప్పించుకోవడం తేలిక, నెల తర్వాత గగనం. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. మొదటి ఈసీజీ, యాంజియోగ్రామ్ రిపోర్టు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అంకెలన్నీ కావాలి. ప్రతి అంకెకీ తేదీ, సమయం, యూనిట్, ఆ ల్యాబులో మామూలు అని చెప్పే పరిమితి ఉండాలి. నిజంగా గుండెపోటేనా అని తేల్చే కమిటీ ట్రోపోనిన్ పెరగడమో తగ్గడమో చూస్తుంది. "ట్రోపోనిన్ పాజిటివ్" అన్న ఒక్క ముక్కతో వాళ్ళేం చేయలేరు. పంపేముందు పేరు, ఫోన్ నంబరు కొట్టేయడం మరవకూడదు.

ఇంకొకటి, ఎవరూ ఊహించనిది: ఫుల్ బాడీ చెకప్. ఫోరియర్ అనే ట్రయల్‌లో ఇవోలోక్యుమాబ్ వాడినవాళ్ళ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 92 నుంచి 30కి పడిపోయింది. ఎవరికి మందు, ఎవరికి ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్) అన్నది ఆ అంకె చూస్తేనే తెలిసిపోతుంది కనుక డాక్టర్లకు కూడా ఆ ఫలితాలు చూపించలేదు. అలాంటి ట్రయల్‌లో ఉన్న పెద్దాయన ఊళ్ళో చెకప్ చేయించుకుని రిపోర్టు వాట్సాప్‌లో పంపితే బ్లైండింగ్, అంటే ఎవరికి ఏది ఇస్తున్నారో తెలియకుండా ఉంచడం, పోయినట్టే. వెళ్ళేముందు గట్టిగా చెప్పాలి: "అంకుల్, కొలెస్ట్రాల్ పరీక్ష చేయించొద్దు. అక్కడి డాక్టరు చేయించమన్నా ముందు మాకు ఫోన్ చేయండి. వద్దన్నా చేసేస్తే కాగితం మాత్రం నాకు పంపొద్దు." కొత్తగా రాసిచ్చిన మందులైతే స్ట్రిప్పు ఫోటో తీయించాలి. ఒకే మాత్రలో రెండు బీపీ మందులు కలిసుండటం అక్కడ మామూలు. బ్రాండు పేరు రాసి ఊరుకోకుండా లోపలి మందులు, మోతాదులు విడివిడిగా ఎక్కించాలి.