దూది దగ్గర పౌడర్ సిలిండర్ ఒక్కటే చాలదు

గుంటూరు చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో, మిర్చి గోడౌన్లలో గోడకి ఎక్కువగా కనిపించేది మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండరే. అన్ని మంటలకీ పనికొస్తుందని చెప్పి అమ్ముతారు. అబద్ధం కాదు గానీ, దూది విషయంలో సగమే నిజం.

పౌడర్ పైమంటని టక్కున ఆర్పేస్తుంది. 170 కిలోల బేలు (నొక్కి కట్టిన దూది మూట) లోపల రాజుకున్న నిప్పుని మాత్రం చేరదు. ఆరిపోయింది కదా అని తలుపేసి వెళ్తే గంటల తర్వాత మళ్లీ అంటుకుంటుంది. అక్కడ కావలసింది నీళ్లు: 9 లీటర్ల వాటర్ సిలిండర్లు, వాటికి తోడు హోస్ రీలు (చుట్టిపెట్టిన నీళ్ల పైపు). పైమంట తగ్గాక బేలుని ఆరుబయటికి లాగి, హోస్ సిద్ధంగా పెట్టుకునే పట్టీలు కోయాలి. గాలి తగలగానే లోపలి నిప్పు భగ్గుమంటుంది. విడిదూది మీద సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్) కొడితే ఆ విసురుకి నిప్పురవ్వలు పక్క గుట్ట మీద పడతాయి.

మిర్చి టిక్కీలకీ (బస్తాలకీ) నీళ్లే. కాకపోతే ఆ ఘాటు పొగలో ఎవరూ నిలబడలేరు. ఒకటి రెండు టిక్కీలు దాటి పాకిందంటే బయటికొచ్చి 101కి ఫోన్ చెయ్యడమే.

సీఓటూ ఉండాల్సింది ప్యానెల్ బోర్డు దగ్గర. ముందు మెయిన్ ఆపాలి. పౌడర్‌తోనూ మంట ఆరుతుంది గానీ, అది తేమ పీల్చి బోర్డులోని కాంటాక్టర్లని (కరెంటు స్విచ్చుల్ని) తినేస్తుంది. గ్యాస్ వదిలేటప్పుడు హారన్ (గ్యాస్ బయటికొచ్చే గరాటు) లోహభాగాన్ని వట్టి చేత్తో పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది, పిడినే పట్టుకోవాలి. చిన్న గదిలో కొట్టాక లోపల ఉండకూడదు, ఊపిరాడదు.

ఆరు కిలోల సిలిండర్ అర నిమిషం కూడా రాదు. బయటికి దారి వెనక ఉండేలా, రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడండి. కంగారులో లివర్ నొక్కిపట్టి పిన్ను లాగుతారు, అది బిగుసుకుపోతుంది. లివర్ వదిలి, పిన్ను తిప్పి లాగాలి. మంట మొదట్లోకి గురిపెట్టి అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి.

పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కి మళ్లీ తగిలించేవాళ్లున్నారు. వాల్వులో పౌడర్ ఇరుక్కుని ప్రెషర్ మెల్లగా పోతుంది. ఒక్కసారి నొక్కినా రీఫిల్ చేయించాల్సిందే. పౌడర్‌దైతే గేజి ముల్లు పచ్చరంగులో ఉందో చూడండి. సీఓటూకి గేజి ఉండదు, కాటా వెయ్యాలి. గ్యాస్ పదో వంతు తగ్గితే రీఫిల్లింగ్‌కి పంపాలి. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ 15683 ముద్ర చూడండి.

ఇక సీజన్లో సిలిండర్ ముందే టిక్కీలు పేర్చేయడం మామూలే. దాని కింద నేల మీద మీటరు మేర పసుపు పెయింటు గీత కొట్టించి, లోపల ఏదీ పెట్టొద్దని హమాలీల మేస్త్రీకి చెప్పి ఉంచండి.