నేను ఒప్పుకున్నది బండి పెట్టానని

మాది విజయవాడ సింగ్‌నగర్. గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డు మీదికొచ్చే ఒక సందు మొదట్లో పదకొండేళ్లుగా ఇడ్లీ బండి నడుపుతున్నాను. 2025 జనవరిలో ఒక సోమవారం పొద్దున, చట్నీ గిన్నె ఇంకా సగం కూడా ఖాళీ కాకముందే, పోలీసులు బండిని స్టేషనుకి తోయించారు. దారికి అడ్డమని కేసు. భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్. జైలు లేదు, జరిమానా ఒక్కటే. పాత ఐపీసీలో ఇదే నేరానికి 283 కింద రూ.200 మించి వేయడానికి వీల్లేదు. 2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టంలో అది రూ.5,000 దాకా వేయొచ్చు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ రోజు తెలిసిందల్లా సంతకం ఎక్కడ పెట్టాలో అంతే.

సాయంత్రానికి నన్ను పంపించేశారు. బండి, స్టవ్వు, ఇడ్లీ పాత్ర మాత్రం స్టేషను ఆవరణలోనే ఉండిపోయాయి. తొమ్మిదో రోజు కోర్టుకి రమ్మన్నారు. ఖర్చులు పోను నాకు రోజుకి ఆరేడు వందలు మిగులుతాయి. ఆ తొమ్మిది రోజులూ రూపాయి లేదు. మా ఆవిడ రోజూ రాత్రి అలవాటుగా పప్పు నానబోయబోయి చేయి వెనక్కి తీసుకునేది.

అంతకు నాలుగు నెలల ముందే బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మంచం, గ్రైండరు, ట్రంకు పెట్టె అన్నీ మునిగాయి. ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకిచ్చిన రూ.25,000లో సగం గ్రైండరుకే పోయింది. ఆ పెట్టెలోనే కార్పొరేషను ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉండేది. నీళ్లు తీశాక బురదలో ముద్దగా దొరికింది, అక్షరం కనపడలేదు. కార్డు చేతిలో లేకుండా కోర్టులో ఏం మాట్లాడతాం అని ముందే నీరసపడిపోయాను.

కోర్టు రోజున వరండాలో నాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. తాగి బండి నడిపినవాళ్లు, పేకాటలో దొరికినవాళ్లు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కొబ్బరిబోండాలు అమ్ముతాడట. "పెద్దాయనా, మీరేం చెప్తారు?" అని అడిగాను. "ఏముంది నాయనా, అవునంటాను. కాదంటే మళ్లీ రమ్మంటారు. నాకు మోకాళ్లు లేవు" అన్నాడు. అక్కడ కూర్చున్న గంటన్నరలో, నేను తప్పు చేశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను అన్న మాట ఒక్కరి నోటా వినలేదు. ఒకరికి కూలి పోతుంది, ఒకరికి ఊరెళ్లే బస్సు పోతుంది.

మా కానిస్టేబులు చెడ్డవాడేం కాదు. నా మేలు కోరే చెప్పాడు. "ఒప్పేసుకో. ఫైను కట్టి రసీదు చూపిస్తే మధ్యాహ్నానికి బండి తోలుకెళ్లొచ్చు. కాదన్నావనుకో, వాయిదాలు పడతాయి, కేసు తేలేదాకా బండి ఇక్కడే."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఆరు వాయిదాలు పడితే ఆరు రోజుల సంపాదన. ప్లీడరు ఫీజు. బండి లేకుండా గడిచే నెలలు. ఇటుపక్క ఒక్క ఫైను. ఈ లెక్కలో నేను నిజంగా ఎవరికైనా అడ్డం పెట్టానా అన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధంతా దాని గురించే.

నా పేరు పిలిచారు. మేజిస్ట్రేటు గారు తలెత్తి చూసి, మెల్లగానే అడిగారు. "దారికి అడ్డంగా బండి పెట్టారని కేసు. ఒప్పుకుంటున్నారా? ఏమైనా చెప్పుకునేది ఉందా?" ఆ రెండో ప్రశ్న నాకోసమే అడిగారు. కానీ గొంతు పెగల్లేదు. "పెట్టానండి" అన్నాను. వెయ్యి రూపాయలు జరిమానా. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. మధ్యాహ్నానికి బండి వచ్చింది. ఆ రాత్రి పప్పు నానబోశాం.

మర్నాడు, రోజూ నా దగ్గర రెండిడ్లీ ఒక వడ తినే ప్లీడరమ్మ వచ్చింది. మా పెద్దమ్మాయి వయసే ఉంటుంది. ఇన్నాళ్లూ ఏమైపోయారు బాబాయ్ అని అడిగితే జరిగింది చెప్పాను. ప్లేటు పక్కన పెట్టేసింది.

"ఎందుకొప్పుకున్నారు బాబాయ్?"

"బండి పెట్టిన మాట నిజమేగా అమ్మా."

"బండి పెట్టడం నేరం కాదు. దానివల్ల దారిలో ఎవరికైనా అడ్డమో ప్రమాదమో కలగాలి. వెనక నాలుగడుగుల దారి ఎప్పుడూ వదులుతారు మీరు. నేను రోజూ అందులోంచే నడిచొస్తున్నాగా!"

ఆ అమ్మాయి చెప్పిందాకా ఆ తేడా నాకు తట్టలేదు. ముద్దాయి ఒప్పుకుంటే వీలైనంతవరకు అతని మాటల్లోనే రాసుకోవాలని చట్టంలో ఉందట. నా మాట "పెట్టానండి". నా మనసులో అది బండి గురించి. కాగితం మీద అది నేరం గురించి అయిపోయింది. పోనీ అప్పీలు చేద్దామా అంటే, ఒప్పుకున్నవాడికి శిక్ష ఎంత, అది చట్టప్రకారం ఉందా అన్నంతవరకే అప్పీలు ఉంటుంది. నేను చేయలేదు మొర్రో అనడానికి దారి లేదు.

ఇంకో మాట కూడా చెప్పింది. ఇలాంటి చిన్న కేసుల్లో నేరం ఒప్పుకునేవాడు అసలు కోర్టుకి రాకుండానే, ఒప్పుకుంటున్నానని రాసి, జరిమానా డబ్బు పోస్టులో పంపించే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. కాదనేవాడు మాత్రం తనైనా రావాలి, ప్లీడరునైనా పంపాలి. ఒప్పుకునే దారి అంత నున్నగా వేసి, రెండో దారిని అలా వదిలేస్తే నాలాంటివాడు ఎటు నడుస్తాడు?

బండిని కేసు తేలకముందే విడిపించుకోవడానికి పిటిషను వేయొచ్చనీ, వరద బాధితులకి ఉచితంగా ప్లీడర్ని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్లోనే రాసుందనీ అప్పుడే తెలిసింది. న్యాయ సేవల వాళ్ల నంబరు 15100కి ఫోను చేసినా చెబుతారట. నాలుగు నెలలు వరద బాధితుడిగా లైన్లలో నిలబడ్డాను. ఈ ఒక్క లైనుందని ఎవరూ చెప్పలేదు.

అక్టోబరులో మళ్లీ అదే కేసు, అదే సందు. ఈసారి స్టేషన్లో నా పేరు చూసి, "ఇదివరకే శిక్ష పడ్డవాడివేగా" అన్నారు. పదకొండేళ్లు ఒక్కడితో గొడవ పడకుండా ఇడ్లీలు అమ్మిన మనిషిని. ఆ మాట వెయ్యి రూపాయలకి నేను కొనుక్కున్నదే.

ఈసారి తెల్లకాగితం మీద అర్జీ రాసి, రూ.25,000 జమైన పాస్‌బుక్ పేజీ జెరాక్సు జతచేసి న్యాయ సేవల ఆఫీసులో ఇచ్చాను. ప్లీడరు గారిని ఇచ్చారు. ఆయన పిటిషను వేస్తే ఐదో రోజుకి బండి చేతికొచ్చింది. గుర్తింపు కార్డు డూప్లికేటు కోసం నాలుగుసార్లు తిరిగాను, అదీ వచ్చింది. అది ఉన్నంతమాత్రాన గెలుస్తామని కాదు, 2014 వీధి వ్యాపారుల చట్టం కింద వాదించడానికి ఒక ఆధారం అన్నారాయన.

మేజిస్ట్రేటు గారు మళ్లీ అదే అడిగారు. కాళ్లు వణికాయి. "బండి పెట్టిన మాట నిజమేనండి. దారికి అడ్డం పెట్టలేదండి" అన్నాను. రాసుకుని వాయిదా ఇచ్చారు.

ఇప్పటికి మూడు వాయిదాలు అయ్యాయి. సాక్షి రాలేదని రెండు, కోర్టు సెలవని ఒకటి. రెండు వేలకు దగ్గరగా సంపాదన పోయింది. వచ్చే బుధవారం మళ్లీ ఉంది. ఆ పూట బండి చూసుకోవడానికి మా తమ్ముడు నూజివీడు నుంచి మంగళవారం రాత్రికే వస్తానన్నాడు.