పిన్ని పేరు మీద కార్డు

పొద్దు వాలాక కంకిపాడు అవతల మా పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను. ఆకుకూర కోసేది ఆ వేళకే. ఎండలో కోస్తే మార్కెట్‌కి చేరేలోపే వడలిపోతుంది. పిన్ని గోంగూర గుప్పెడేసి తీసి, మొదళ్లు నేలకు తట్టి సమం చేసి, తడిపిన అరటినారతో రెండు చుట్లు చుట్టి పక్కన పెడుతోంది. నేను నారలు చీల్చి ఇచ్చాను.

టోకు మార్కెట్ లెక్క చెబుతుంటే కడుపు తరుక్కుపోయింది. కమీషన్, తరుగు, ఆటో బాడుగ పోగా మిగిలేది కూలి డబ్బులైనా కాదు. "వెనక్కి తెస్తే గేదెలకే వెయ్యాలి అమ్మాయ్. అందుకే ఎంతంటే అంతకిచ్చేసి వస్తాం" అంది.

1999లో రైతు బజార్లు పెట్టింది ఈ బాధ తీర్చడానికే కదా! దళారి ఉండడు. ధర బోర్డు మీద రాస్తారు. టోకు ధర కంటే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ, బయటి కొట్ల కంటే కొనేవాళ్లకు తక్కువ. కానీ అక్కడ కూర్చోవాలంటే రైతు కార్డు కావాలి, కార్డుకి పొలం కాగితాలు కావాలి. పిన్నిది కౌలు పొలం. విత్తేది, కలుపు తీసేది, కోసేది తనే, కాగితంలో మాత్రం తన పేరు ఎక్కడా లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

కౌలు రైతులకు ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద సాగు హక్కు కార్డు ఇస్తారు. 11 నెలల ఒప్పందం మీద ఆసామి సంతకం పెట్టాలి. సంతకం పెడితే పొలం చేజారుతుందని చాలామంది ఆసాములకు భయం. ఆ కార్డుతో యజమాని హక్కుకి ఏ ఢోకా లేదు. ఈ సంగతి వాళ్లకి కూర్చోబెట్టి చెప్పేవాళ్లే లేరు.

ఒప్పందం పిన్ని పేరు మీదే రాయిద్దామన్నాను. బాబాయి ఏమంటాడోనని టెన్షన్ పడ్డాను. "పని తనది, పేరు తనదైతే తప్పేముంది" అన్నాడు. ఎంత సంతోషమేసిందో!

అక్కడి నుంచే ఆసామికి ఫోన్ చేశాను. ఆయన ఉండేది విజయవాడ పటమటలోనే. ఆదివారం రమ్మన్నారు. సంతకం మాట ఎత్తితే "చూద్దాంలే" అన్నారు. చట్టం కాపీ తెలుగులో తీసుకెళ్లి, యజమాని హక్కు గురించిన భాగం ఆయన ముందే చదివి వినిపిస్తాను. ఈలోగా డ్వాక్రా గ్రూపులో ఆకుకూరలు పండించేవాళ్లంతా కలిసి ఒకే ఆటో మాట్లాడుకుంటామన్నారు. బాడుగ తలా కాస్త పడుతుంది.