‘ఇద్దరూ తాగి ఉంటే?’

కాలేజీలో చేరబోతున్న మా మేనల్లుడితో మద్యం గురించి, లైంగిక సంబంధంలో సమ్మతి గురించి మాట్లాడదామని కూర్చుంటే, నేను సిద్ధం చేసుకున్న మాటలన్నీ వాడి ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాయి: “మామయ్యా, ఇద్దరూ తాగి ఉంటే తప్పు ఎవరిది?” ఆ ప్రశ్నలో కొంటెతనం లేదు. మా తరంలో ఆడపిల్లలకు ‘జాగ్రత్త’ అని చెప్పి, మగపిల్లలకు ఏమీ చెప్పకుండా వదిలేశారు కనుక ఆ వయసులో నాకూ జవాబు తెలియదు.

చట్టంతో మొదలుపెట్టాను. మత్తు వల్ల తాను దేనికి ఒప్పుకుంటోందో, దాని పర్యవసానం ఏమిటో గ్రహించలేని స్థితిలో స్త్రీ ఇచ్చిన సమ్మతి చెల్లదని అత్యాచారాన్ని నిర్వచించే భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ చెబుతుంది. ప్రతిఘటించకపోయినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని 2013లో పాత చట్టమైన భారతీయ శిక్షాస్మృతికి చేర్చిన వివరణ కూడా అందులో ఉంది. (పురుషుణ్ణి బాధితుడిగా ఆ సెక్షన్ గుర్తించకపోవడం వేరే చర్చ.) ఇక తనంతట తాను తాగినవాడికి ‘మత్తులో ఉన్నాను’ అన్న సాకు అక్కరకు రాదు. మత్తు ఒకరి సమ్మతిని చెరిపేసి, మరొకరి బాధ్యతను అలాగే ఉంచడం మా మేనల్లుడికి అన్యాయంగా తోచింది. తాగి బండి నడిపి మనిషిని గుద్దినవాడు ‘అతనూ తాగే ఉన్నాడు’ అంటే వదిలేస్తామా అని అడిగాను.

అయితే ఒక గ్లాసు తాగిన ప్రతివారూ సమ్మతి చెప్పలేరని కాదు. బాగా తాగినా నిర్ణయించుకోగలిగితే అది సమ్మతేనని, కాని ఆ శక్తి స్పృహ తప్పడానికి చాలా ముందే పోవచ్చునని 2007లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు చెప్పింది. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఆ గీత బయటికి కనిపించదు. రక్తంలో మద్యం వేగంగా పెరిగినప్పుడు మెదడు కొత్త జ్ఞాపకాలను నమోదు చేయడం మానేసినా, మనిషి నడుస్తూ, నవ్వుతూ, మాట్లాడుతూనే ఉండవచ్చు. అందువల్ల ‘బాగానే మాట్లాడింది కదా’ అన్నది రుజువు కాదు.

“నేనూ తాగి ఉంటే అవతలి మనిషి స్థితి నాకెలా తెలుస్తుంది?” అన్నాడు. తెలియదు కాబట్టే ఆ రాత్రికి ఆగిపోవాలి అన్నాను.

మరి నిలబడలేని అమ్మాయిని స్నేహితుడు గదికి తీసుకువెళుతుంటే ఏం చేస్తావని అడిగితే, “ఆపాలి, కాని అందరూ నవ్వుతారు మామయ్యా” అన్నాడు. ఆ నవ్వుకు జంకి వాడి వయసులో నేనొకసారి ఊరుకున్నానని అప్పుడు చెప్పాను. ఆ తరువాత చాలాసేపు వాడే ప్రశ్నలు వేశాడు.