రైట్ ఫ్లయర్ మోడల్, ఆరో వారం: కుడి రెక్క మళ్లీ మొదలు

ఈ వారం రెక్క కట్టడం కన్నా విప్పడమే ఎక్కువైంది, అయినా చాలా సంతోషంగా ఉన్నాను. కింది రెక్కను రెండు వైపులా ఒకే కొలతతో అతికించేశాక, డ్రాయింగు మళ్లీ చూస్తుంటే కంటపడింది: రైట్ సోదరులు 1903లో ఎగరేసిన అసలు విమానంలో కుడి రెక్క ఎడమదాని కన్నా 4 అంగుళాలు పొడవు! పైలట్ బోర్లా పడుకునేది మధ్యగీతకు ఎడమ పక్కన, ఇంజను ఉండేది కుడి పక్కన. ఇంజను మనిషి కన్నా బరువు, అందుకని అటువైపు లిఫ్టు, అంటే గాలి పైకి లేపే బలం, కాస్త ఎక్కువ రావాలని వాళ్లు రెక్కనే పెంచారు. నాది 1:16 స్కేలు, అంటే అడుగుకి ముప్పావు అంగుళం, ఆ లెక్కన తేడా పావు అంగుళం. ఆ పావు అంగుళంలోనే వాళ్ల ఆలోచనంతా ఉంది, దాన్ని ఎలా వదిలేస్తాను?

ఫెవికాల్ అతుకు విప్పాలంటే వేడినీళ్లలో తడిపిన దూది దాని చుట్టూ కాసేపు ఉంచితే మెత్తబడుతుంది, కత్తితో పొడవకండి. తడిసిన బాల్సా చెక్క ఉబ్బుతుంది కాబట్టి రాత్రంతా రెండు టైల్స్ మధ్య అదిమిపెట్టాను.

గుడ్డ సంగతి ఇంకా బాగుంది. వాళ్లు వాడింది మామూలు మస్లిన్, పైన వార్నిష్ కూడా లేదు. పోగులు ఏటవాలుగా వచ్చేలా వేశారు, దాంతో గుడ్డే ఫ్రేముకి బిగువిచ్చింది. నేను సన్న మల్లుగుడ్డ తెచ్చుకుని, అలా ఎలా కోయాలో తెలియక మా వీధి టైలరక్కని అడిగితే, ‘క్రాస్ కటింగే కదా తమ్ముడూ, జాకెట్లకి రోజూ చేసేదే! గుడ్డ లాగకు, సాగిపోద్ది, కింద పేపరు పెట్టి రెండూ కలిపి కట్ చెయ్’ అంది. అలాగే చేశాను, అంచు ఎక్కడా వంకర పోలేదు. తర్వాత బాగా పల్చటి గంజి స్ప్రే చేశాను, చిక్కగా కొడితే ఆరేటప్పుడు గుడ్డ బిగుసుకుని రెక్కని మెలిపెట్టేస్తుంది. ఆరేదాకా బోర్డుకి పిన్నులతో బిగించి ఉంచాలి.

ప్రొపెల్లర్లు రెండూ 16 సెంటీమీటర్ల చొప్పున చెక్కాను, ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండాలి, ఎందుకంటే అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి.

నిన్న రాత్రి టేపు తీసుకుని హాల్లో కొలిచాను. 1903 డిసెంబర్ 17న అమెరికాలో కిట్టీ హాక్ దగ్గర ఇసుక మీద ఆ అన్నదమ్ముల్లో ఆర్విల్ మొదటిసారి ఎగిరిన 120 అడుగులు, 12 సెకన్లు, ఈ స్కేల్లో ఏడున్నర అడుగులు. సోఫా దగ్గర మొదలుపెడితే టీవీ దాకా కూడా రాలేదు. అదే రోజు నాలుగోసారి విల్బర్ 59 సెకన్లలో వెళ్లిన 852 అడుగులు కొలవాలంటే హాలు చాల్లేదు, తలుపు తీసి కారిడార్లో లిఫ్టు దాటి వెళ్లాల్సి వచ్చింది, 53 అడుగులు. సుద్దముక్కతో రెండు చోట్లా గీత గీశాను.

వచ్చే వారం గొలుసులు. ప్రొపెల్లర్ ఎదురు తిరగడానికి వాళ్లు ఒక గొలుసుని ఎనిమిది అంకెలా మెలితిప్పి వేశారు, ఇంత చిన్న సైజులో దానికి సరిపోయే సన్న గొలుసు ముందు దొరకాలి.