తుల్జాపూర్ మొక్కు, కిల్లారి దారి

మొక్కు తీరి ఇవాళ్టికి నాలుగో రోజు. పాప గుండు మీద రాసిన గంధం చెవుల వెనక ఇంకా పచ్చగా ఉంది. అది పోకముందే రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

మొక్కు మా అమ్మది, తుల్జాపూర్ భవానీకి. 2024 మార్చి 21 పొద్దున, ఆరు దాటి పది నిమిషాలు కూడా కాలేదు. నాందేడ్ జిల్లా భోకర్ తాలూకాలోని మా పుట్టింట్లో తమ్ముడి బిడ్డకు ఇరవై ఒకటో దినం చేసి రెండు రోజులైంది. లోపలి అర్రలో తొట్టెలో పడుకుని ఉంది. హింగోలి దిక్కు భూమి కదిలింది. కొలిస్తే 4.5 అన్నారు, పెద్దదేం కాదు. కానీ తొట్టెకు జానెడు దూరంలో గోడ మీంచి పిడికెడంత నల్లరాయి ఊడి పడింది, దాని వెంట దోసెడు మన్ను. పది నిమిషాలకు ఇంకోటి, 3.6. అప్పటికి మరదలు బిడ్డనెత్తుకుని వాకిట్లో ఉంది. అమ్మ చేతులు జోడించి, "తల్లీ భవానీ, పుట్టెంట్రుకలు నీ కాడనే తీయిస్త, నీకు ఒడి నింపుత" అని అక్కడికక్కడే మొక్కేసింది. ఆ రాయిని కడిగి, బొట్టు పెట్టి, దేవుడి అర్రలో పెట్టింది.

పాపకు మూడో ఏడు నడుస్తుండగా ఇప్పుడు కుదిరింది. నేను సిరొంచ నుంచి ముందురోజే వెళ్లాను. భైంసా నుంచి పాప మేనమామ వచ్చాడు. అర్ధరాత్రి దాటాక జీపులో బయల్దేరాం. నాందేడ్, లోహా, అహ్మద్‌పూర్... లాతూర్ దాకా నాకు నిద్రే. మధ్యలో మెలకువ వచ్చినప్పుడల్లా తమ్ముడు భూకంపాల ముచ్చటే చెప్తున్నాడు. వాడిది స్లాబులు, సెంట్రింగు పని. మొక్కు వాటి గురించే కాబట్టి మాటా అటే పోయింది.

ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తు. అమ్మకు 1969. భద్రాచలం దగ్గర కదిలిన ఏడు, కరీంనగర్ దిక్కు వాళ్ల ఇంట్లో ఉట్టి మీది కుండలు ఒకదానికొకటి తగిలాయట. నాకు 2001 జనవరి 26. బడిలో జెండా వందనం అయ్యి లడ్డూ తింటున్న ఆ పూటే, 8:46కు, భుజ్‌లో నేల విరిగింది. సాయంత్రం టీవీలో చూసి లడ్డూ సంగతి గుర్తొచ్చి ఏడ్చాను. ఇక 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 వస్తే సిరొంచలో మా అత్తగారింటి రేకులు గలగలమన్నాయి. మేడారం గద్దెల దగ్గర కెమెరాలో పడిన ఆ ఊపు అందరి ఫోన్లలోకీ వచ్చింది. అమ్మవార్ల గద్దెలే ఊగితే మనమెంత, అనుకున్నాను.

తుల్జాపూర్‌లో దిగేసరికి తెల్లారుతోంది. మంగళవారం. ఆ వారమే కుదిరిందా అని మరదలు మెల్లగా గొణిగింది కానీ అమ్మ కోరుకున్న వారం అదే. గుడి కోనేరు కల్లోల తీర్థంలో కాళ్లు తడిపి, గోముఖం కింద తలలు పెట్టి, కేశఖండనకు కూర్చున్నాం. మేనమామ ఒడిలో పాప, పక్కన సంబళ అనే జంట వాద్యం వాయించేవాళ్లు. తొలి కత్తెర పడగానే పాప ఎత్తుకున్న రాగం సంబళను మించింది.

తర్వాత లైను. ఇది రాయకుండా ఉండలేను. నాలుగు గంటలకు పైనే. ముందున్నవాడు మధ్యలో బయటికెళ్లి తొమ్మిది మంది చుట్టాల్ని వెంటేసుకొచ్చాడు. ఇంకొకాయన "ఆయీ రాజా ఉదో ఉదో" అని అరిచినప్పుడల్లా మోచేయి నా పక్కటెముకల్లో దిగింది. నేనూ గట్టిగా ఉదో అన్నాను, కొంత భక్తితో, కొంత నొప్పితో. చెమటకు గుండు మీది గంధం కారి కళ్లల్లో పడి పాప ఆగకుండా ఏడుస్తోంది.

కటకటాల పక్కన గాలి తగిలే చోట ఒక ముసలామె ఉంది. తొమ్మిది గజాల చీర, నుదుటి నిండా కుంకుమ. ఏమీ అడక్కుండా మరదల్ని చెయ్యి పట్టి తన చోటికి లాక్కుని తాను ఎండలోకి జరిగింది. చెంగు తడిపి పాప కళ్లు తుడిచింది. మూటలోని జొన్నరొట్టె తుంచి నోట్లో వేసుకుని, మెత్తగా నమిలి, పాప నోటికి పెట్టింది. ఊళ్లో అయితే మరదలు ఎవర్నీ అట్లా చేయనివ్వదు. ఆ పూట చేతులు జోడించింది.

పాల సీసా కోసం అమ్మ సంచిలో వెతుకుతుంటే రాయి బయటికొచ్చింది. తల్లికి చూపించాలని తెచ్చిందట, మాకెవ్వరికీ చెప్పలేదు. ముసలామె దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. మరాఠీలో అడిగింది: "గోడలోదా?"

అమ్మ అవునంది.

"మాది సాస్తూర్" అంది ఆమె. 1993 భూకంపంలో కూలిన ఊరు. ఇక వేరే చెప్పక్కర్లేదు. మరాఠ్వాడాలో పుట్టినవాళ్లకు ఆ ఊరి పేరు తెలియకుండా ఉండదు.

దర్శనం ఎంతసేపు? లోపలికి తోసుకుంటూ వెళ్లాం, బయటికి తోసుకుంటూ వచ్చాం. మధ్యలో ఒక్క క్షణం ఎవరి తల అడ్డొచ్చిందో ఎవరి చెయ్యి తొలిగిందో గానీ, ఆ నల్లని ముఖం నా ముందుంది. కుంకుమ కింద కళ్లు. నేను ఏం అడగాలో ముందే అనుకున్నవన్నీ మరిచిపోయాను. పక్కన అమ్మ రాయిని రెండు చేతుల్లో పైకెత్తి చూపిస్తోంది, ఇదిగో చూడు అన్నట్టు. ఒడిబియ్యం, చీర, కొబ్బరికాయ మా చేతుల్లోంచి పోయాయి. అంతే.

బయట చింతామణి రాయి దగ్గర మళ్లీ గుంపు. శివాజీ మహరాజ్ యుద్ధానికి పోయేముందు అడిగేవాడంటారు. చేతులు ఆనించి మనసులో అనుకుంటే, అవునంటే కుడికి, కాదంటే ఎడమకు తిరుగుతుంది. అమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది. వెనకవాళ్లు చప్పట్లు కొట్టి తొందరపెట్టారు. రాయి కుడికి తిరిగింది, నేను చూశాను. ఏం అడిగావంటే చెప్పలేదు.

వచ్చేటప్పుడు ఆ ముసలామెను, మరాఠీలో ఆజీ అంటే అవ్వ, జీపులో ఎక్కించుకున్నాం. దారి మళ్లి సాస్తూర్, ఆ తర్వాత కిల్లారి. ఆజీ కొత్త ఊరు వెడల్పు వీధులతో, వరుస ఇళ్లతో ఉంది. ఇంట్లో అడుగుపెట్టగానే నాకు ఏదో తేడా అనిపించింది, కాసేపటికి తెలిసింది. గోడలకు ఏమీ లేవు. అటక లేదు, పటం లేదు, గూడు లేదు. బిందెలు, చెంబులు, దేవుళ్లు, ఆఖరికి గడియారం కూడా నేల మీదే, గోడకు ఆనించి.

టీ తాగుతూ చెప్పింది. అంతకుముందు ఏడాది, 1992లో, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా చిన్న చిన్న కదలికలు ఎన్నోసార్లు వచ్చాయి. కొన్నాళ్లు బయట పడుకున్నారు. తర్వాత అలవాటైపోయింది. 1993లో వినాయకుణ్ని నీళ్లలో కలిపి వచ్చి అలసి పడుకున్న రాత్రి, తెల్లారితే సెప్టెంబర్ 30, 3:56కు వచ్చింది. ఆమె ఇద్దరు పిల్లలతో లోపల ఉంది. ఒకణ్ని తీసుకుని బయటికి రాగలిగింది. రెండోవాడి గురించి ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

52 ఊళ్లు నేలమట్టం, దాదాపు 10,000 ప్రాణాలు. 6.2 అంటే హిమాలయాల కింద వచ్చేవాటితో పోలిస్తే చిన్నదే. 1950లో అస్సాంలో వచ్చింది 8.6. దక్కన్ రాతినేల కదలదని అప్పటిదాకా భూకంపాల మ్యాపులో మనల్ని అన్నిటికన్నా తక్కువ భయమున్న ఒకటో జోన్‌లో పెట్టారు. 1967లో కొయ్నాలో 6.3 వచ్చినా అది డ్యాం నీళ్ల బరువుకు వచ్చిందని చెప్పుకున్నారు. కిల్లారి తర్వాత, 2002 మ్యాపులో ఒకటో జోన్ అన్నదే తీసేశారు.

పాత ఊరి దిక్కు ముళ్లకంపల్లో మిగిలిన ఒక గోడ మొండెం దగ్గర తమ్ముడు ఆగి నాకు చూపించాడు. రెండు పక్కలా పెద్దరాళ్లు, నడుమ చిన్నరాళ్లు, అంతా మట్టితోనే కట్టింది. ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టి ఉంచే పొడుగురాయి ఒక్కటీ లేదు. ఊపు రాగానే గోడ రెండు పలకలుగా విచ్చుకుంటుంది. పైన దూలాల మీద తెల్లమన్ను. ఏటా వానలకు ముందు ఉరవకుండా ఇంకో పొర వేస్తారు, పాతది తీయరు. తరాలు గడిచేసరికి నెత్తి మీద రెండడుగుల మన్ను.

"అక్కా, ఇది మన ఇల్లే" అన్నాడు.

అమ్మ వెనకాల నిలబడి ఉందని మేం చూసుకోలేదు. మా తాత కట్టిన రెండున్నర అడుగుల గోడలంటే ఆమెకు గర్వం. ఎండాకాలం చల్లగా ఉంటదని వచ్చినవాళ్లందరికీ చెప్తుంది.

"మీ నాయిన ఇక్కడికొచ్చిండు అప్పుడు. లారీల రొట్టెలు, చద్దర్లు ఏసుకొని" అంది. అది మాకు తెలుసు. నాలుగో రోజు తిరిగొచ్చాడని, ఆ చలికాలమంతా వాకిట్లో మంచమేసుకున్నాడని కూడా తెలుసు. తెలియనిది తర్వాత చెప్పింది. "వచ్చినంక ఇల్లు ఇప్పుదామన్నడు. మన్నన్న దించుదామన్నడు. నేనే వద్దన్న. పెద్దలు కట్టింది ఇప్పుతారా అని కొట్లాడిన."

నాన్న పోయి పదకొండేళ్లు. ఎవ్వరం ఏమీ అనలేదు. కిల్లారి స్మృతి స్తంభం దగ్గర అమ్మ ఒడిబియ్యంలో మిగిలిన పిడికెడు అక్కడ పోసింది. పాప ఆ గింజలు ఏరడానికి కూర్చుంటే మరదలు ఎత్తుకుంది.

ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఒరిగిపోయాం. ఏదో చప్పుడుకు మెలకువ వచ్చి చూస్తే, అమ్మ స్టూలు వేసుకుని లోపలి అర్ర గూళ్లలోని ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే దించుతోంది. అప్పటికే ఆరు నేల మీద ఉన్నాయి.

"ఇప్పుడెందుకమ్మా?" అన్నాను.

"తోమాలె బిడ్డా" అంది. "నువ్వు పండుకో."