వాళ్లకు అర్థం కాలేదు

యేసు తిరుహృదయ పండుగ శుక్రవారం వస్తుంది. మరునాడు శనివారం మరియమాత నిష్కళంక హృదయాన్ని స్మరిస్తాం. ఎక్కువగా ఇది జూన్‌లోనే, బళ్లు తెరిచే వేళకే పడుతుంది. ఆ రోజు పూజలో చదివే సువార్త లూకా రెండో అధ్యాయంలోది. పస్కా పండుగకు వెళ్లిన పన్నెండేళ్ల యేసు యెరూషలేములోనే ఉండిపోతే, బంధువుల గుంపులో ఉన్నాడులే అనుకుని తల్లిదండ్రులు ఒక రోజు దారి నడిచేశారు. మూడు రోజులకు దేవాలయంలో దొరికాడు. జపమాలలో సంతోష దేవరహస్యాల్లో ఐదోది ఇదే.

సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాలు, చెప్పే టీచర్లకు ఈ ఘట్టమంటే ప్రాణం. ‘మీ వయసులో యేసు ఎంత బుద్ధిగా బోధకుల మధ్య కూర్చున్నాడో చూడండి’ అని పిల్లలకు చెప్పొచ్చు కదా! యాభయ్యో వచనం దగ్గర మాత్రం మనం ఆగం. ‘నేను నా తండ్రి ఇంట్లో ఉండాలని మీకు తెలియదా?’ అని ఆయన చెప్పిన మాట వాళ్లకు అర్థం కాలేదని లూకా అక్కడ రాశాడు. వాళ్లంటే ఆ బోధకులు కాదు, మరియ, యోసేపు. దేవదూత ఇంటికొచ్చి చెప్పిన తల్లికే, పన్నెండేళ్లు పెంచాక కూడా, కొడుకు మాట అంతుపట్టలేదు. లూకా ఆ సంగతి దాచలేదు. ఆమె ఆ సంగతులన్నీ హృదయంలో భద్రపరుచుకుందని ఆ వెంటనే చెప్పాడు. అందుకే నాకు ఇది పిల్లల పాఠంకన్నా పెద్దవాళ్ల పాఠంగా కనిపిస్తుంది.

మన కడప విచారణల్లో (పారిష్‌లలో) జరిగేది మీకు తెలిసిందే. వేసవి సెలవుల్లో ఎండ ముదరకముందే పొద్దున్నే తరగతులు. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం నోటికి రావాలి. భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) బిషప్ గారు వస్తున్నారంటే పిల్లలకన్నా తల్లులకే టెన్షన్, ఏం అడుగుతారోనని. ఆ రోజు ఫోటోలు అయిపోతాయి. ఆ తర్వాత ఆ పిల్లలు మళ్లీ పుస్తకంతో కనిపించేది పెళ్లి చాటింపులు వేయించుకోవడానికి వచ్చినప్పుడే. పదిహేనేళ్లకే విశ్వాసంలో డిగ్రీ అయిపోయినట్టు!

తిరుసభ ఇలా చెప్పలేదు. పదో భక్తినాథ (పయస్) పాపుగారు, అంటే అప్పటి పోప్, 1905లోనే ప్రతి ఆదివారం పిల్లలకు ఒక గంట సత్యోపదేశం చెప్పాలని విచారణ గురువులను ఆదేశించారు. ఆ సంగతి చాలామందికి తెలుసు. అదే ఆదేశంలో పెద్దలకు కూడా ఆదివారాల్లో, పండుగల్లో విడిగా బోధించాలని, నాలుగైదేళ్లలో మొత్తం పూర్తయ్యేలా చూడాలని ఉంది. ఈ రెండో భాగాన్ని మనం హాయిగా మరిచిపోయాం. 1979లో రెండో జాన్ పాల్ పాపుగారైతే పెద్దలకు చేసే బోధే ముఖ్యమైనదని రాశారు. ఎందుకంటే బరువులు మోసేదీ, విశ్వాసాన్ని పూర్తిగా బతకగలిగేదీ వాళ్లే. 2021లో ఫ్రాన్సిస్ పాపుగారు ఉపదేశి సేవకు, అంటే విశ్వాసం బోధించే గృహస్థుల సేవకు, తిరుసభలో అధికారిక స్థానం ఇచ్చారు. మన పల్లెల్లో ఉపదేశులు అంతకు ఎంతో ముందునుంచే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ మనకు ఇంకో కారణం కూడా ఉంది. రాజంపేట, రాయచోటి వైపు ఎన్నో ఇళ్లలో అమ్మ కువైట్‌లో ఉంటుంది, పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. సాయంత్రం జపమాల వాట్సాప్ కాల్‌లోనే జరుగుతుంది. అవతల నెట్ ఆగితే మంగళవార్త జపం సగంలో తెగుతుంది. అవ్వ మళ్లీ మొదలుపెడుతుంది. పౌలు తిమోతికి రాసిన రెండో లేఖలో ముందు అవ్వ లోయి పేరు, ఆ తర్వాతే అమ్మ యునీకే పేరు చెప్తాడు. మా సీమలో ఆ వరస చదవగానే అర్థమైపోతుంది.

కువైట్‌లో వారపు సెలవు శుక్రవారం, పూజకు వెళ్లేదీ ఎక్కువగా ఆ రోజే. అయితే ఆ అవ్వను మనవడు, ‘అమ్మ అక్కడ శుక్రవారం కూడా గుడికి పోలేదంట, సేటు పంపలేదంట, అది పాపమా అవ్వా?’ అని అడుగుతాడు. ఎప్పుడో చిన్నప్పుడు నేర్చిన ప్రశ్న-జవాబుల్లో దీనికి జవాబు ఆమెకు దొరకదు. తన తప్పు లేకుండా పూజకు రాలేకపోయినవాళ్లకు ఆ పాపం అంటదని తిరుసభ చెప్పే మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. ‘ఫాదర్‌ను అడిగి చెప్తాలే నాయనా’ అంటుంది. మంచి జవాబే. కానీ ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ చుట్టూ నలభై మంది ఉంటారు, ఆమె వెనక నిలబడి బస్సుకు టైమయిందని వెళ్లిపోతుంది.

అందుకే ఈ ఏడాది తరగతుల రిజిస్టర్‌లో పిల్లల పేర్ల కింద పెద్దవాళ్ల పేర్లు కూడా రాయమని మా విచారణ మీటింగులో అడగబోతున్నాను. పరీక్ష వద్దు, సర్టిఫికెట్ వద్దు. సాయంత్రం, ఎండ తగ్గాక, నెలకు రెండు సార్లు చాలు. చదువురాని అవ్వలకు ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. మొదటి రోజు లూకా 2:41 నుంచి 51 వరకు చదువుదాం. వచ్చేవాళ్లు ఇంట్లో ఒకసారి చదువుకుని, అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత గీసుకుని రండి.